ఫిలడెల్ఫియాలో పన్నెండు నుంచి మూడు

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాయాత్ర. ఇందులో ఎడారి ఉంది, మహాసముద్రం ఉంది, మూడు శతాబ్దాల నగరం ఉంది, పగిలిన గంట ఉంది, చక్రాల మీద ఊరేగిన ఒక వృద్ధ మహారాణి ఉంది. చదివి లేచేసరికి మీరు వేరే మనిషి అయిపోతారు.

అంత లేదు. ఎడారి నేను రోజూ డ్యూటీకి పోయే బస్సు కిటికీ అవతల ఉండేదే. మహాసముద్రం విమానం కింద ఎక్కడో చీకట్లో ఉండింది, ఎవరూ చూడలేదు. అసలు యాత్రకు వెళ్లింది నేను కాదు, మా చిన్నమ్మ. నేను చేసింది ఒక ఎక్సెల్ షీటు. కాబట్టి ఆశలు కొంచెం తగ్గించుకుని చదవండి.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, సౌదీలో ఖఫ్జీ అనే ఊళ్లో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. మాది కడప వైపు. ఆమె వచ్చి చాలా ఏళ్లయింది. నేను వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, జుబైల్‌లో ఉంటాను. ఒకే దేశంలో ఒకే సముద్రం ఒడ్డున ఉన్నా మేం కలిసేది ఫోన్లోనే. ఆమె వంటింటి పని ఆగిన చోట, నా పని ఆగిన చోట, రెండూ ఒకే నిమిషంలో పడితే మాట్లాడుకుంటాం. గ్రహణాలు ఇంతకంటే తరచుగా వస్తాయి.

ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏం నాయనా, తిన్యావా?"

"తిన్నా చిన్నమ్మా."

"మేము అమెరికాకు పోతాండాం."

నేను ఆ రోజు తిన్నది కొంచెం గొంతులోకి వచ్చింది.

సంగతి ఏమంటే, ఆ ఇంటి ఆడపిల్ల ఫిలడెల్ఫియా అనే ఊళ్లో చదువుతోంది. మే నెలలో పట్టా పుచ్చుకుంటోంది. ఇంటిల్లిపాదీ వారం రోజులు వెళ్తున్నారు. ఇంట్లో చక్రాల కుర్చీలో తిరిగే ముసలావిడ ఒకరున్నారు. ఆమెను లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా, ఆమె తిట్లు పడాలన్నా చిన్నమ్మకే చేతనవును. అందుకని చిన్నమ్మ కూడా. వీసా ఇంటర్వ్యూ కూడా అయిపోయిందట. అక్కడికి వెళ్లి ఏం చేస్తావని అడిగితే, "ఈడ చేసేదే ఆడ చేస్తా" అని చెప్పిందట. అంత నిజాయితీగా జవాబు చెప్పినవాళ్లు ఆ కిటికీ ముందు ఇంకెవరైనా నిలబడి ఉంటారా అని నా అనుమానం.

"అది కాదు నాయనా చెప్పేది. మామా నాకొగ దినం ఇస్తాదంట."

అరబ్బు ఇళ్లలో పనిచేసే మనవాళ్లు యజమానురాలిని మామా అంటారు. మీసాలుండే మన మామలకూ ఆమెకూ ఏ సంబంధం లేదు.

"పాప పట్టా దినం అందురూ ఆ సబకు పోతారు. ముసలామె గూడా పోతాది. ఆ దినం నాకు పని ల్యా. నువ్వు యాడికన్నా పోయి చూసి రా, అన్నెది మామా." వెంటనే తనే అడిగింది. "యాడికి పోయేది నాయనా? నాకేం తెల్సు?"

ఇక్కడ నేను ఏదో ఒక చెత్త జోకు వేయాల్సింది. వేయలేదు. ఇన్నేళ్లలో ఆమెకు పొద్దున లేచి, ఇవాళ ఎటు పోదాం అని అనుకునే రోజు ఒక్కటీ రాలేదని అప్పుడే లెక్క తట్టింది. ఆ వచ్చిన ఒక్కటి పాడు కాకూడదు. అంతే, అప్పటినుంచి నాకు ఉన్న పని అదే.

పైగా నా ఉద్యోగమే ప్లానింగ్. జుబైల్‌లో ఫ్యాక్టరీలు కొన్నేళ్లకోసారి మొత్తం ఆపేసి, విప్పి, కడిగి, బాగుచేసి మళ్లీ నడుపుతారు. దాన్ని షట్‌డౌన్ అంటాం. ఏ మనిషి ఏ గంటలో ఏ బోల్టు విప్పాలో ముందే రాసిపెట్టే ఆఫీసులో నేను అందరికంటే చిన్నవాణ్ణి. ఒక ఫ్యాక్టరీని విప్పి బిగించే ప్లాను వేసేవాడికి ఒక చిన్నమ్మను ఊరు చూపించడం ఎంత పని? పోయిన వేసవి షట్‌డౌన్ ఫైలు తెరిచాను. కాపీ చేశాను. 'హీట్ ఎక్స్‌ఛేంజర్' అని యంత్రం పేరు ఉన్నచోట కొట్టేసి 'చిన్నమ్మ' అని రాశాను.

నా గదిలో ఇంకో మనిషి ఉంటాడు. జగిత్యాల దిక్కు అన్న. రిగ్గర్. అంటే క్రేన్‌తో బరువులు లేపేటప్పుడు ఎక్కడ తాడు కట్టాలో, ఎటు తిప్పాలో చూసే మనిషి. శుక్రవారం బట్టలుతుక్కుని వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ? సెలవు నాడు గూడ షట్‌డౌనా?"

చెప్పాను. విన్నాడు. "మంచిగున్నది. సూపియ్యి మరి ఆ ఊరు" అన్నాడు, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా.

ఫోన్లో వీధులన్నీ ఫొటోలుగా కనబడే మ్యాపు ఉంటుంది కదా, వేలితో తోస్తే నడిచినట్టు ముందుకు పోతుంది. దాన్ని లాప్‌టాప్‌లో పెట్టాను. ఇద్దరం మంచం అంచున కూర్చుని ఫిలడెల్ఫియాలో నడవడం మొదలుపెట్టాం. ఎర్ర ఇటుకల ఇళ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని. తెల్ల కిటికీలు. తలుపు ముందు రెండు మూడు మెట్లు. వీధికి అటూ ఇటూ చెట్లు, కొమ్మలు పైన కలిసిపోయి, కింద నీడ నీళ్లలా పారుతున్నట్టుంది. ఆ వీధుల పేర్లు కూడా చెట్ల పేర్లే. వాల్‌నట్, చెస్ట్‌నట్, స్ప్రూస్, పైన్.

"ఆగు ఆగు. జర ఎనకకు పోనీ" అన్నాడు అన్న.

వెనక్కి తోశాను.

"ఇగో ఈ చెట్టు కాడ ఆపు. కిందికి సూపియ్యి. పైపేది?"

"ఏం పైపు?"

"నీళ్ల పైపు తమ్మీ. చెట్టుకు పైపేది?"

నేనూ వెతికాను. జుబైల్‌లో ప్రతి చెట్టు మొదట్లోనూ నల్ల పైపు ఒకటి ఉంటుంది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినట్టు రాత్రీ పగలూ చుక్కలు పడుతుంటాయి. తీసేస్తే చెట్టు పోతుంది. పైపు లేని చెట్టును మేం చూసి చాలా రోజులైంది. ఆ వీధి చివరిదాకా పోయాం. ఒక్క చెట్టుకూ లేదు. పక్క వీధిలోకి తిరిగాం. అక్కడా లేదు.

"వానకే బతుకుతున్నయా, అన్నీ?" అన్నాడు అన్న. మా ఊళ్లో వేపచెట్టుకు మాత్రం ఎవడు పైపు పెట్టాడు అని అడగబోయి ఆగాను. స్క్రీను మీద ఆకుల మధ్యనుంచి ఎండ చుక్కలుగా పడుతోంది.

తర్వాత గంట దగ్గరికి పోయాం. ఆ దేశం స్వాతంత్ర్యానికి గుర్తుగా పెట్టుకున్న గంట అది. నిలువునా పగిలి ఉంది. పగిలిందని పారేయలేదు, కరిగించి కొత్తది పోయలేదు. అద్దాల గదిలో పెట్టి, ప్రపంచమంతా వరసలో నిలబడి చూసేటట్టు చేశారు.

"ఎంత బరువుంటది?"

"దాదాపు టన్ను."

"దేనికి ఏలాడదీసిండ్రు?"

"కట్టెకు."

అన్న మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు. "టన్ను బరువు కట్టెకా? ఎప్పటిసంది?"

"నీ తాతల తాత పుట్టకముందు నుంచి."

"ఆ కట్టెకు టెస్ట్ సర్టిఫికెట్ ఉన్నదా?" అని అడిగాడు. అడిగి తనే నవ్వాడు. నవ్వి మళ్లీ వంగి, ఆ దూలాన్ని, దాని ఇనుప పట్టీలను, మన వాళ్లు దేవుడి పాదాలు చూసినట్టు చూశాడు. "ఎవడు కట్టిండో గని మొగోడు."

పక్కనే స్వాతంత్ర్యం మీద సంతకాలు చేసిన హాలు ఉంది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, కర్ర కుర్చీలు. మా క్యాంపు మెస్సు దానికంటే పెద్దది. అంత దేశం ఇంత గదిలోంచి బయటికి వచ్చిందా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, మా మెస్సులోంచి ఇంతవరకు ఏం బయటికి వచ్చిందని అన్న అడిగాడు. పురుగులు మాత్రమే గుర్తొచ్చాయి.

మొత్తానికి ప్లాను తయారైంది. పొద్దున గంట. తర్వాత హాలు. పన్నెండు నుంచి మూడు దాకా విరామం. మూడింటికి మూడు వందల ఏళ్లుగా జనం ఇంకా కాపురం ఉంటున్న ఒక సన్నటి సందు. ఆఖరున నది. రంగురంగుల గీతలతో, బాణాలతో, చూస్తే ఆ ఫ్యాక్టరీనే సిగ్గుపడాలి.

ఒక్క చిక్కు. చిన్నమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. అంకెలు వచ్చు. ఇక్కడే ఆ ఊరికి నేను దండం పెట్టాను. ఆ ఊరు వేసినవాడెవడో కాని, ఒక వైపు వీధులకు చెట్ల పేర్లు పెట్టి, అడ్డంగా పోయే వీధులకు వరసగా అంకెలు వేశాడు. వీళ్ల హోటలు పదిహేడో వీధిలో. గంట ఆరో వీధిలో. తిన్నగా నడుస్తుంటే అంకె తగ్గుతూ పోతుంది, పద్నాలుగు ఉండాల్సిన చోట మాత్రం ఒక పెద్ద రోడ్డు వస్తుంది.

"పదారు, పదైదు, పెద్ద రోడ్డు, పదమూడు... ఆరు రాంగానే నిలబడుకోవాల. అంతేనా?" అంది చిన్నమ్మ ఫోన్లో.

"అంతే. తిరిగొచ్చేటప్పుడు పెరుగుతూ పోవాల."

"ఓర్నీ! నా కోసరమే కట్న్యారేమిరా ఈ ఊరు!"

ఆమె గొంతులో అంత సంబరం నేను ఎప్పుడూ వినలేదు. వారం రోజులుగా ఆ ఊరి మీద ఉన్న గౌరవం ఇంకో మెట్టు ఎక్కింది.

వాళ్లు బయలుదేరడానికి కొన్ని రోజుల ముందు మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి తిన్నావా అని కూడా అడగలేదు. అప్పుడే అర్థమైంది.

"వద్దులే నాయనా. ఉండేదే ఒగ దినం. అది గూడా పాయ."

ఆ సభకు ఇంటికి ఇన్నే టికెట్లట. తల్లి, తండ్రి, అన్నదమ్ములతో సరిపోయాయి. ముసలావిడకు లేదు. అంటే ఆ రోజు ముసలావిడ హోటలు గదిలో ఉంటుంది. అంటే చిన్నమ్మ కూడా హోటలు గదిలో ఉంటుంది. మామా మంచిదే, మాట మార్చే మనిషి కాదు, కానీ కుర్చీ తోసే ఇంకో మనిషి ఎక్కడినుంచి వస్తుంది?

"పోనీలే చిన్నమ్మా, కిటికీలోంచి ఊరు కనపడుతుంది" అన్నాను. ఓదార్చడం నాకు రాదని ఆ వాక్యంతో రుజువైంది.

అన్నకు చెప్పాను. అతను చపాతీ నములుతూ విన్నాడు.

"ముసలామె బరువెంత?"

"అన్నా!"

"అడుగుతున్న. నీ చిన్నమ్మ ముసలామెను ఇడిసి రాదు. ముసలామె గదిలకెల్లి కదలదు. మరి గదిలకెల్లి కదిలిస్తే అయిపాయె. బరువు పెరిగిందని లేపుడు ఆపుతమా? బాట సూస్తం. సూపియ్యి ఆ రోడ్లు."

పెద్ద పెద్ద ట్యాంకులను లారీ మీద తరలించే ముందు రిగ్గర్లు దారంతా నడిచి గుంతలు, మలుపులు, తీగలు చూసుకుంటారు. అన్న అదే పని ఫిలడెల్ఫియాకు చేశాడు. ఒక శుక్రవారం మొత్తం, ఒక్కో అంగుళం. ఆ ఇటుకల కాలిబాటలు చూడడానికి ఎంత అందంగా ఉన్నా, చెట్ల వేళ్లు కిందనుంచి లేపి ఇటుకలన్నీ ఎగుడుదిగుడు. "ఈ వీధి ఒద్దు. చక్రం ఇర్కుతది. ఇటుమొకాన సిమెంట్ ఉన్నది, ఇటు పొమ్మను. ఇగో ఈ మూల కాడ వాలు ఉన్నది, దిగేటప్పుడు ఎనకకు దింపమను." పైపుల్లేని ఆ చెట్లను అంత మెచ్చుకున్నవాడే ఇప్పుడు వాటి వేళ్లను తిట్టాడు.

కొత్త దారి చిన్నమ్మకు పంపాను. కానీ దారి కాదు కదా అసలు సమస్య. ముసలావిడ ఒప్పుకోవాలి. చిన్నమ్మ ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక్కటీ అడిగి ఎరగదు. ఆ రోజు ఎలా అడిగిందో ఆమే చెప్పింది. ముసలావిడ కాళ్లకు నూనె రాస్తూ, తల ఎత్తకుండా, ఆ ఊళ్లో పగిలిపోయిన గంట ఒకటి ఉందట, దాన్ని చూడడానికి లోకమంతా వస్తారట, అందట. అంతే అంది.

"ముసలామె ఏమనింది?"

"'పగిలిపోయినదాన్ని చూసేకి లోకమంతా వస్తాదా?' అనింది. ఊఁ అన్యా. మళ్లా, 'నన్నెవురూ చూసేకి రాల్యా గదా, నేనే పోతాలే' అనె."

ఇది విన్నాక గదిలో ఇద్దరం చిన్న పిల్లల్లా అరిచాం. పక్క గదివాళ్లు క్రికెట్టు ఏమో అనుకుని స్కోరు అడిగారు.

ఆ తర్వాత నా ప్లానుకు అసలు పరీక్ష వచ్చింది. చిన్నమ్మ సంబరంగా ఆ రంగుల షీటును, ఫిలడెల్ఫియాలో ఉన్న ఆ చదువుకున్న పాపకు వీడియోలో చూపించింది. ఆ పాప నాకు ఇంగ్లీషులో వాయిస్ మెసేజ్ పెట్టింది. చాలా బాగుందట. ఒక్కటే అర్థం కాలేదట. పన్నెండు నుంచి మూడు దాకా ఎందుకు ఖాళీ? నమాజుకు అంతసేపు అక్కర్లేదు కదా?

చట్టం కదా, అని జవాబు పెట్టాను. ఎండాకాలం పన్నెండు నుంచి మూడు దాకా బయట పని చేయకూడదు కదా.

అవతలనుంచి నవ్వు వచ్చింది. మెసేజ్ అంతా నవ్వే. ఆఖర్న ఒక్క మాట: మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం పూట జనం కావాలని వెళ్లి ఎండలో కూర్చుంటారు.

పోయిన వేసవి షట్‌డౌన్ ఫైలు. అందులో ఆ మూడు గంటలు ముందే బూడిద రంగు పూసి ఉన్నాయి. నేను హీట్ ఎక్స్‌ఛేంజర్ తీసేశాను కానీ సౌదీ సూర్యుణ్ణి తీసేయలేదు. అన్న ఆ షీటును పదిసార్లు చూశాడు, చిన్నమ్మ వంద సార్లు వింది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మధ్యాహ్నం ఎండలోకి మనిషి తనంతట తాను పోతాడని మాకు తట్టనే లేదు.

తప్పు దొరికితే ప్లానర్‌కు పూనకం వస్తుంది. మూడు గంటలు! పాత ఓడ ఒకటి ఉంది, ఇరికించాను. ఆ దేశపు తొలి జెండా కుట్టారని చెప్పే ఇల్లు ఉంది, ఇరికించాను. పెద్ద పాత బజారు, మధ్యలో భోజనం. కొత్త షీటు తీసుకుని గర్వంగా ఫోన్ చేశాను.

"ఆ మూడు గంటలు ముట్టుకోవాకు" అంది చిన్నమ్మ.

"ఊరికే పోతాయి చిన్నమ్మా. అవి తప్పు పడ్నాయి."

"పడ్నీలే. ముసలామె ఆ యాళకు నిద్ర పోతాది. ఆ హాలు కాడ పార్కుండాది అన్యావు గదా. ఆడ కుర్చీ నీడన పెడతా. నేను కూచ్చుంటా."

"కూర్చుని?"

"కూచ్చోని ఏముండాది, కూచ్చోడమే. ఈ ఇంట్లో నేను కూచ్చుంటా లేదా అంటే కూచ్చుంటా నాయనా. అయితే చెవులు నిలబడే ఉంటాయి. ఎవురు ఎప్పుడు పిలుస్తారో అని. ఒగసారి చెవులను గూడా కూచ్చోబెట్టాల."

నా దగ్గర జోకు ఒకటి సిద్ధంగా ఉండింది. అదేమిటో ఇప్పుడు గుర్తు లేదు, గుర్తుంటే ఇక్కడ రాసేవాణ్ణే. ఓడను తీసేశాను. జెండా ఇంటిని తీసేశాను. ఆ మూడు గంటలను మళ్లీ బూడిద రంగు చేశాను. తర్వాత ఆ బూడిద రంగు బాగోలేదనిపించి ఆకుపచ్చ చేశాను.

వాళ్లు ఖఫ్జీ నుంచి దమ్మామ్ విమానాశ్రయానికి మా ఊరి మీదుగానే పోవాలి. జుబైల్ బయట పెట్రోలు బంకు దగ్గర కారు ఆపారు. చిన్నమ్మను కళ్లారా చూసి ఏడాది దాటింది. సన్నబడ్డావంటే సన్నబడ్డావని ఇద్దరం అబద్ధాలు చెప్పుకున్నాం. ఆఫీసులో లామినేషన్ చేయించిన మ్యాపు ఇచ్చాను. అన్న జేబులోంచి రెండు చెక్క ముక్కలు తీశాడు, ఏటవాలుగా నున్నగా చెక్కినవి.

"ఆగినకాడల్లా చక్రాల కింద పెట్టు చిన్నమ్మా. బ్రేకును నమ్మకు. నేను ఏ బ్రేకునూ నమ్మ."

వెనక సీట్లోంచి ముసలావిడ మమ్మల్నిద్దర్నీ కళ్లజోడు పైనుంచి చూసింది. "యల్లా" అంది, అంటే ఇక పదండి అని. మహారాణి సెలవిచ్చింది. కారు పోయింది.

పట్టా రోజు నేను సైటులో ఉన్నాను. ఆమె ఫోన్ హోటల్లో తప్ప పనిచేయదు కాబట్టి రోజంతా కబురు లేదు. మాకు సాయంత్రమయ్యేసరికి అక్కడ మధ్యాహ్నం అవుతుంది. క్యాంపుకు వచ్చి, స్నానం చేసి, మెట్ల మీద కూర్చుని, ఇప్పుడు కూర్చుని ఉంటుంది అనుకున్నాను. అన్న కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమిటి సంగతి అని అడగలేదు. మా ఎదురుగా దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టాల మీద మంట మండుతోంది. ఇద్దరం ఏమీ చేయకుండా కొంచెంసేపు కూర్చోవడానికి ప్రయత్నించాం. చాలా కష్టమైన పని. పావుగంటకే అన్న లేచి బట్టలుతకడానికి బకెట్టు తెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున బస్సులో ఉండగా ఆమె మాటలు వచ్చి పడ్డాయి. అన్నా నేనూ చెరో చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం.

"ఆ గంట కాడ ఎంత మందో నాయనా. ఎవురూ గట్టిగా మాట్లాడల్యా. గుళ్లో మాదిరి. ముసలామె చెయ్యి ఎత్తి దండం పెట్న్యాది, నేనూ పెట్న్యా. ఎందుకో తెలీదు. మళ్లా పార్కుకు పోయినాం. చెక్కలు పెట్న్యా చక్రాలకు. ముసలామె నిద్రపాయ, గురక గూడా పెట్న్యాది. నేను కూచ్చున్యా. ఎవురూ పిలవల్యా. ఎండ, నీడ, ఎండ, నీడ, అట్ల పడతాండాది మీద. మూడయ్యేదాకా ఎవురూ పిలవల్యా నాయనా."

తర్వాత ఏమీ లేదు. మెసేజ్ మాత్రం ఇంకా నడుస్తోంది. పక్షుల చప్పుడు కాదు, హోటలు గదిలో ఏసీ చప్పుడు. ఆమె ఫోన్ ఆపడం మరిచిపోయి అలాగే కూర్చున్నట్టుంది. బస్సు గేటు దగ్గర ఆగేదాకా మేం ఆ ఏసీని విన్నాం. జుబైల్‌లో మా గదిలోనూ అలాంటి ఏసీయే ఉంది, దాన్ని మేం ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వినలేదు.

దిగుతూ అన్న అడిగాడు. "మూడు గంటలు కూసునే ఉన్నదా? జర ఒరుగకపోయిందా?"

అదే అడుగుతూ మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆ పార్కులో బెంచీలకు మధ్యలో ఇనుప చెయ్యి ఒకటి బిగించి ఉంటుంది. పడుకోవడానికి కుదరదు.